నలభై అయిదులో వానపాట

చిరంజీవి అమ్మడికి,

సినిమా హాలు పైన మెషిన్ గదిలో, రెండు ప్రొజెక్టర్ల మధ్య స్టూలు మీద కూర్చుని మీ నాన్న వెయ్యిసార్లు దీవించి రాస్తున్న ఉత్తరం. నేనూ మీ అత్తా బాగున్నాం. మీ అత్తకి మోకాళ్ళు తప్ప అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయి, నోరు మరీనూ.

నీ రికార్డు అందింది. ఆ అట్టపెట్టె చూడగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. పోస్టుమాన్‌ని గట్టిగా కౌగిలించుకున్నాను. అతను హడలిపోయి, సంతకం తీసుకోకుండానే వెళ్ళిపోయి, వీధి చివరి నుంచి మళ్ళీ వచ్చాడు. అట్ట మీద నీ బొమ్మ, భుజం మీద వయొలిను, కింద బంగారు రంగులో ‘సినిమా పాటలు, శాస్త్రీయ వాదనం’ అని. ఎన్నేళ్ళు ఎదురుచూశానే తల్లీ. చిన్నప్పుడు ఈ గదిలోనే రీలు డబ్బాల మీద కూర్చుని, వినబడిన పాటనల్లా వేళ్ళతో మోకాలి మీద వాయించేదానివి. మీ గురువుగారి దగ్గర చేరాక అదంతా బంద్. సినిమా పాట తలిస్తే పాఠం మానేస్తానని ఆయన అన్నప్పటినుంచి నేను కూనిరాగం తియ్యాలన్నా వీధిలోకి వెళ్ళి తీసి వచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళు ఇంట్లో నోరు కుట్టుకున్న మనిషిని. ఇప్పుడు నువ్వే వాయించావు. నాకోసమే వాయించావని నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు.

వచ్చిన రోజే మ్యాట్నీ ఇంటర్వెల్‌లో హాల్లో వేశాను. ముందుగా వానపాట, అదే, ఆరో రీలులో వచ్చేది. ఇక్కడే ఒక సంగతి. కంపెనీవాళ్ళు పొరపాటు చేశారు. అట్ట మీద రాసినట్టే ప్లేయరు వేగం మీట నిమిషానికి ముప్ఫై మూడు చుట్ల దగ్గర పెట్టాను. పాట సాగుతోంది, సాగుతోంది, ఎక్కడికీ పోవడం లేదు. నలభై ఏళ్ళ చెవి ఇది, మోటారు అర చుట్టు తగ్గినా పట్టేస్తుంది. వెంటనే మీట నలభై అయిదుకి తోశాను. అంతే, వానపాట లేచి పరిగెత్తింది. జనం సీట్లలో ఊగారు, చప్పట్లు కొట్టారు, మళ్ళీ వెయ్యమన్నారు. సినిమా పది నిమిషాలు ఆలస్యమైంది. మేనేజరు కూడా ఏమీ అనలేదు, ఆయనా ఊగుతున్నాడు.

కంపెనీవాళ్ళకి నెమ్మదిగా చెప్పు, మోటారు సరిచూసుకోమని. కోప్పడకు.

ఇట్లు,
సంతోషంతో రెండు పూటల అన్నం ఒకే పూట తినేసిన
మీ నాన్న

తా.క.: మీ అత్తకి కూడా వినిపించాను. ‘ఈ పిల్ల నడకే నింపాది కదా, ఇంత తొందర ఎప్పుడు నేర్చింది?’ అంది. దానికి సంగీతం తెలియదులే.


నాన్నకు,

నమస్కారం. నీ ఉత్తరం ఒకసారి కూర్చుని చదివాను, ఇంకోసారి నిలబడి చదివాను. ఎలా చదివినా అదే ఉంది.

మోటారు తప్పు కాదు. కంపెనీ తప్పూ కాదు. నేను వాయించిందే అంత నెమ్మదిగా. ఆ వానపాట సినిమాలో మూడు నిమిషాలు. నేను ఏడు నిమిషాలు వాయించాను. సినిమాలో ఆ పాట గొడుగు కింద గెంతుకుంటూ వెళ్ళిపోతుంది. కానీ ఆ స్వరాల్లో ఒక మనిషి వెళ్ళలేక వెళ్ళడం ఉంది నాన్నా. రీలు డబ్బాల మీద కూర్చున్నప్పుడే నాకు వినబడేది. అది పైకి తియ్యడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ పని మొదలుపెట్టానని తెలిసిన రోజునే గురువుగారు నా తంబూరా మెట్ల మీద పెట్టించి తలుపు వేసుకున్నారు. సభలవాళ్ళు నన్ను పిలవడం మానేశారు. నాకు ఇప్పుడు ఉన్నదల్లా ఆ ఒక్క రికార్డే.

అందుకే నీతో ఒక పని పడింది. ఈ పాటలు కట్టిన సంగీత దర్శకుడు గారు, అదే మీరంతా పెద్దాయన అంటారే, మీ హాలు వెనక వీధిలోనే ఉంటున్నారు కదా. కంపెనీవాళ్ళు కొన్ని వందలు మాత్రమే అచ్చు వేశారు. ఆయన ‘నా పాటలు ఇలా వాయించడం నాకు సమ్మతమే’ అని రాసి సంతకం పెడితేనే ఊరూరా వేస్తారట, రెండో రికార్డు కూడా తీస్తారట. లేకపోతే ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఆయన ఎవరినీ ఇంట్లోకి రానివ్వరని విన్నాను. నువ్వైతే ఆయన పాటల్ని నలభై ఏళ్ళు ఆడించినవాడివి, కాదనరు.

రికార్డు తీసుకెళ్ళి వినిపించు. ముప్ఫై మూడు మీద. ఈ మాట కింద రెండు గీతలు గీస్తున్నాను, చూడు.

నీ అమ్మడు

తా.క.: మూడో గీత కూడా గీశాను. కలం విరిగిందా కాగితం చిరిగిందా తెలియడం లేదు.


చిరంజీవి అమ్మడికి,

గెలిచి వచ్చిన మీ నాన్న, చెప్పులు కూడా విడవకుండా కూర్చుని రాస్తున్నాడు.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. కంపెనీవాళ్ళ తప్పు నీ నెత్తిన వేసుకుని, నేనే నెమ్మదిగా వాయించానని రాశావే, ఆ మంచితనం అచ్చం మీ అమ్మది. ఎవరి నీడన బతుకుతున్నామో వాళ్ళని వేలెత్తి చూపకూడదు. నాకు అర్థమైంది. ఇక ఆ మాట ఎత్తను.

పెద్దాయన ఉండేది మేడ మీద. ఇరవై రెండు మెట్లు, మధ్యలో ఒకటి ఊగుతుంది. గదిలో హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంది, పైన మందు సీసాలు. ఆయనకి ఎనభై దాటాయి, ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరివయ్యా అని కసిరారు. మీ పాటలు నలభై ఏళ్ళు తిప్పినవాణ్ణండీ, ఆరో రీలు నాలుగుసార్లు తెగితే నాలుగుసార్లు అతికించింది ఈ చేతులేనండీ అన్నాను. ‘అయితే నా వానపాటలో చరణం ఎగిరిపోయింది నీ పుణ్యమేనా?’ అన్నారు. అంతే, కూర్చోమన్నారు. వాళ్ళ కోడలు మంచినీళ్ళు ఇచ్చింది.

ఆయన ప్లేయరు మీదే వేశాను, నలభై అయిదు మీద. తల్లీ, ఆయన కుడి చెవి తీసుకొచ్చి స్పీకరుకి ఆనించారు. వేళ్ళు కుర్చీ చేతి మీద ఆడుతున్నాయి. నా గుండె చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పాట అయ్యాక, తీగ ఇంత పైకి బిగించి ఈ పరుగు ఎలా పరిగెత్తించింది, వేళ్ళు తెగలేదా అని అడిగారు. మా అమ్మాయి వేళ్ళు ఇనప చువ్వలండీ అన్నాను. అక్కడికక్కడే కాగితం తెప్పించి రాశారు: ‘ఈ అమ్మాయి చేతిలో నా పాటకి రెక్కలు వచ్చాయి. ఇంత వేగం నా జన్మలో వినలేదు. ఈ వాదనానికి నా పూర్తి సమ్మతి.’ కింద సంతకం, బారెడు.

ఆలస్యం ఎందుకని తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళి కంపెనీ చిరునామాకే పంపేశాను. నీకు కవరు ఖర్చు కూడా లేకుండా చేశాను.

ఇట్లు,
ఇరవై రెండు మెట్లు దిగడం గుర్తులేని
మీ నాన్న

తా.క.: రికార్డుల షాపతను నీ రికార్డు ప్రతి అట్ట మీదా ఒక చీటీ అంటిస్తున్నాడు, ‘నలభై అయిదు మీద వేసుకోవలెను’ అని. దస్తూరీ నాదే.


నాన్నకు,

నమస్కారం. పెద్దాయన ఉత్తరం కంపెనీకి అందింది. నాకంటే ముందు ప్యూనుకి కూడా తెలిసింది.

కంపెనీ మేనేజరు నన్ను పిలిపించాడు. ఆయన గదిలో ప్లేయరు తిరుగుతోంది, నలభై అయిదు మీద. నా వయొలిను దోమలా పాడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ, ఇంత మంచి సంగతి మా దగ్గర ఎందుకు దాచారండీ అని నిష్ఠూరంగా అడిగాడు. నేను దాచలేదు, వాయించలేదు అన్నాను. వినయం అనుకున్నాడు. నా జీవితంలో అందరూ నా మాటని వినయం అనుకోవడం నువ్వు మొదలుపెట్టాకే మొదలైంది.

ఇప్పుడు రికార్డు కొత్తగా అచ్చు వేస్తున్నారు. చీటీలు అంటించే శ్రమ లేకుండా, ఏ ఇంట్లో వేసినా ముప్ఫై మూడు మీదే పరిగెత్తేలా మార్చేశారు. అట్ట మీద పెద్దాయన మాటలు వేశారు. నా బొమ్మలో చెయ్యి కనబడకుండా మసక చేశారు, అంత వేగమన్న మాట. ఒప్పందం తీసి చదివాను. పాటని పరిగెత్తించవచ్చని అందులో లేదు, కూడదనీ లేదు.

ఎంత పోట్లాడినా మేనేజరు ఒకే మాట మీద ఉన్నాడు. ఆయన సమ్మతి ఇచ్చింది వేగానికి, మీరు వాయించినదానికి కాదు అన్నాడు. ఆఖరికి ఇంతవరకు దిగాడు: పెద్దాయన తన చేత్తో, తన సంతకంతో, నెమ్మదిగా ఉన్నదే నాకు సమ్మతం అని రాసిస్తే వేగం రికార్డులన్నీ దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంటాడట, నాది నాలాగే వేస్తాడట. నేనే వద్దామంటే రోజంతా వీళ్ళు పెట్టిన రిహార్సళ్ళు, ఊరు కదలనివ్వడం లేదు. వచ్చే నెల పెద్ద ఆడిటోరియంలో నా కచేరీ పెట్టారు. దానిలోపే కావాలి.

నాన్నా, నువ్వు వెళ్ళు. జరిగింది చెప్పు. ముప్ఫై మూడు మీద వేసి, మాట్లాడకుండా కూర్చో. ఆయన విని నచ్చలేదంటే నచ్చలేదనే అననీ. ఆయన నోటి మీదుగా వింటే నేను తట్టుకుంటాను. ఆయన వినకపోతే తట్టుకోలేను.

నీ అమ్మడు

తా.క.: మా కింది వాటా ఆవిడ వేగం రికార్డు కొనుక్కుంది. ఇదెవరో గానీ మీకంటే బాగా వాయిస్తోందమ్మా అని నాతో అంది.


చిరంజీవి అమ్మడికి,

పట్టరాని ఆనందంలో ఉన్న మీ నాన్న దీవెనలు.

ఏమని చెప్పను, ఎక్కణ్ణించి మొదలెట్టను. కొత్త రికార్డు వచ్చింది. మన హాలు గోడకి నీ పోస్టరు కట్టారు, హీరోయిన్ బొమ్మ పక్కన, ఆవిడకంటే జానెడు ఎత్తున. పొద్దున్న టీ కొట్టు దగ్గరికి వెళితే, వయొలిన్ అమ్మాయి నాన్నగారు వచ్చారు, బెంచీ ఖాళీ చెయ్యండి అన్నాడతను. కూర్చున్నాను. ఆ టీ రుచి నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. వ్యాయామశాలలో కుర్రాళ్ళు నీ వానపాటకి బస్కీలు తీస్తున్నారు. బడిలో డ్రిల్లు మేష్టారు అదే రికార్డులోని పడవపాటకి పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. షాపతను మూడుసార్లు సరుకు తెప్పించాడు.

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటానా నువ్వు అంతగా రాశాక. ఆయన నిద్రపోతున్నారు. ఎనభై దాటిన మనిషిని లేపడం పాపం కదా. నువ్వు పంపిన మొదటి రికార్డు వాళ్ళ కోడలి చేతికిచ్చి, వీలున్నప్పుడు వింటారులెమ్మా అని చెప్పి వచ్చాను. మీట సంగతి చెప్పడం మరిచాను. పెద్దవాళ్ళ ఇంట్లో ఎక్కువ మాట్లాడకూడదు కూడానూ.

నువ్వు ఊరికే మనసు కష్టపెట్టుకుంటున్నావు. నెమ్మదీ వేగమూ అంటూ ఏమిటే తల్లీ, చెయ్యి నీదే కదా, తీగ నీదే కదా. జనం వింటున్నారు. మీ గురువుగారి సభలో నలభై మంది వినేవాళ్ళు, అందులో పదిమంది విసనకర్రల కోసం వచ్చినవాళ్ళు. ఇప్పుడు లెక్కే లేదు.

కచేరీకి వద్దామని ఉంది కానీ బదులు ఆపరేటరు దొరకలేదు. ఆ రోజు మూడు ఆటలూ నేనే తిప్పుతూ, నిన్నే తలుచుకుంటూ ఉంటాను. ధైర్యంగా వాయించు. కాస్త చురుగ్గా వాయించు.

ఇట్లు,
టీ కొట్టు బెంచీ మీద మధ్య స్థానం సంపాదించిన
మీ నాన్న

తా.క.: మీ అత్త పోస్టరు చూసి, ఈ చెయ్యి లేని పిల్ల ఎవర్రా అంది. కళ్ళజోడు మార్పించాలి.


నాన్నకు,

నమస్కారం. కచేరీ అయి మూడు వారాలైంది. చెంప మీద కట్టు విప్పారు కనక అద్దం చూసుకుని, తరవాత ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

హాలు నిండింది. కచేరీ ముందురోజు దాకా పోస్టుమాన్ కోసం చూశాను, పెద్దాయన దగ్గర నుంచి ఒక్క ముక్క వస్తుందేమోనని. రాలేదు. అయినా నేను వాయించేదే వాయిద్దామని కూర్చున్నాను. వానపాట ఎత్తుకున్నాను, నా నడకలో. రెండు నిమిషాలు బాగానే ఊరుకున్నారు. తరవాత ఎవరో చప్పట్లతో తాళం వేశారు, తొందర తొందరగా, బండిని అదిలించినట్టు. అందరూ కలిశారు. వెనక నుంచి ఒకాయన చాలా మర్యాదగా, ‘అమ్మా, రికార్డులో వాయించిన ఆవిణ్ణి పిలవండి’ అన్నాడు.

పక్క తెర వెనక నుంచి మేనేజరు రెండు చేతులూ గాలిలో తిప్పుతున్నాడు. నాకు ఒక్కసారిగా పంతం వచ్చింది. తీగలు పైకి బిగించాను, రికార్డు శ్రుతికి. పరిగెత్తాను నాన్నా. ఆరేళ్ళ పనిని తొక్కుకుంటూ పరిగెత్తాను. పై తీగ తెగి చెంప మీద కొట్టింది. నాలుగంగుళాల గీత. రక్తం వయొలిను మీద పడింది. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే.

మర్నాడు మేనేజరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. పరిష్కారం కూడా పట్టుకొచ్చాడు. ఇక నుంచి స్టూడియోలో నేను ఎంత నెమ్మదిగానైనా వాయించుకోవచ్చట, వాళ్ళు తిప్పుకుంటారట. కచేరీల్లో వెనక నుంచి రికార్డు వేస్తారట, నేను విల్లు ఆడిస్తూ కూర్చుంటే చాలట. అయిదేళ్ళకి కాగితం తెచ్చాడు. సంతకం పెట్టాను.

నీ మీద కోపం లేదు. ఇన్నాళ్ళూ నీతో ఊరికే వాదించాను. నేను వాయించింది నేను తప్ప ఎవరూ వినలేదు, అంటే నేనే తప్పు విన్నాను. పెద్దాయన దగ్గర రికార్డు ఉండి కూడా ఒక్క మాట రాయలేదంటే అదే ఆయన జవాబు. ఆయన్ని ఇక ఇబ్బంది పెట్టకు. మొదటి ఉత్తరంలోనే నువ్వు సరిగ్గా చెప్పావు, మోటారే నెమ్మదిగా ఉంది.

నీ అమ్మడు

తా.క.: గురువుగారు ఇన్నేళ్ళకి కార్డు రాశారు. ఒకటే వాక్యం. ‘పేపర్లో నీ గాయం చూశాను, వాయించినందుకా, వాయించనందుకా?’


చిరంజీవి అమ్మడికి,

మీ నాన్న రాసేది. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. మీ అత్త ఇల్లు ఊడుస్తూ, కాగితాలు నమలడం మొదలెట్టావా అని తిట్టింది.

నువ్వు రాసిన ఆఖరి మాట చదివాక నాకు అన్నం దిగలేదు. మోటారు నెమ్మదిగా లేదమ్మా. మొదటి రోజు మొదటి నిమిషంలోనే నాకు తెలుసు. మోటారు నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది. నీ శ్రుతి దిగలేదు. నలభై ఏళ్ళు సౌండు విన్నవాడికి యంత్రం నెమ్మదించడానికీ మనిషి స్వరాన్ని నిలపడానికీ తేడా తెలియకుండా ఉంటుందా?

ఆ రోజు గోడలోని చిన్న అద్దంలోంచి హాల్లోకి చూస్తున్నాను. నీ పాట మొదలైన కాసేపటికి ముందు వరసలో ఒకడు గురక పెట్టినట్టు చప్పుడు చేశాడు. హాలంతా నవ్వింది. ఇంకొకడు, వాయించేవాడు పడుకున్నట్టున్నాడు, ఎవరన్నా లేపండర్రా అన్నాడు. మళ్ళీ నవ్వారు. నా పిల్లని చూసి నవ్వుతున్నారు. నా చెయ్యి మీట మీదికి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. నవ్వు ఆగి చప్పట్లు వచ్చాయి. ఆ తరవాత నీకు రాసిన ఉత్తరాలన్నీ ఆ చప్పట్ల మీదే రాశాను. నీ ఉత్తరంలోని గీతలు మూడూ కనబడ్డాయి. పెద్దాయన దగ్గర కూడా నవ్వుతారేమోనని భయపడ్డాను.

ఇంకా ఉంది. చదువు.

కచేరీకి పదకొండు రోజుల ముందు పెద్దాయన కబురు చేశారు. నేనిచ్చిన రికార్డు వాళ్ళ కోడలు వేసిందట. ఆ అమ్మాయి అట్ట మీద ఏం రాసుంటే అదే చేసింది, ముప్ఫై మూడు మీద పెట్టింది. నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. హార్మోనియం మీద దుప్పటి లేదు. మందు సీసాలు కింద ఉన్నాయి.

‘మొదటిసారి ఎందుకయ్యా పరిగెత్తించావు?’ అన్నారు.

మీకు నచ్చదేమోనని అన్నాను.

‘నాకా, నీకా?’ అన్నారు.

ఆయనే చెప్పారు. ఆ పాట కట్టిన రోజు ఇలాగే కట్టారట. నిర్మాత వచ్చి, ఇంత ఏడుపు వద్దు, గొడుగులు తెప్పించాను, గెంతాలి అన్నాడట. కూర్చుని నరికేశారట. నరికిన ముక్కలు ఈ పిల్లకి ఎక్కడ దొరికాయి అని నన్నడిగారు. మూడుసార్లు అడిగారు. తరవాత కాగితం తీసుకుని పేజీ నిండా రాశారు. ‘నేను సమ్మతించినది నెమ్మదిగా ఉన్న ఈ వాదనానికే. వేగంగా తిప్పిన రికార్డు నా పాటా కాదు, ఆ అమ్మాయి పాటా కాదు. దాన్ని వెంటనే ఆపవలసినది.’ సంతకం పెట్టి నా చేతికే ఇచ్చారు. నువ్వే చెడగొట్టావు, నువ్వే పంపు అన్నారు.

పోస్టాఫీసు దాకా వెళ్ళాను. దారిలో టీ కొట్టు. వయొలిన్ అమ్మాయి నాన్నగారూ అని పిలిచాడు. నలభై ఏళ్ళు ఈ హాల్లో నన్ను పిలిచినవాడు లేడమ్మా. బొమ్మ మసకబారితే మాత్రం, ఒరేయ్ ఆపరేటరూ అని అరిచేవాళ్ళు. ఈ కాగితం వెళ్ళిందంటే రికార్డు ఆగుతుంది, గోడ మీద పోస్టరు దిగుతుంది, మళ్ళీ ముందు వరసలో గురక పెడతారు. కచేరీ అయిపోనీ, చప్పట్లు నీ చెవిన కూడా పడనీ, అప్పుడు పంపుదాం అనుకున్నాను. చప్పట్లు వింటే నీ మనసు మారుతుందనుకున్నాను. మారింది.

పెద్దాయన మొన్న బుధవారం పోయారు. నేను వెళ్ళాను. వాళ్ళ కోడలు గుమ్మంలో అడిగింది, ఉత్తరం అందాక మీ అమ్మాయి ఏమందండీ, మామగారు రోజూ అడిగేవారు అని. చాలా సంతోషించిందమ్మా అని చెప్పాను. ఆ మాట కూడా నీతో చెప్పకుండా అనేశాను.

ఇప్పుడు మీ మేనేజరుకి చూపించు. పెద్దాయన చేతిరాత, పెద్దాయన మాట ఉంటే నీ రికార్డు నీలాగే వేస్తానన్నాడు కదా. అయిదేళ్ళ కాగితం సంగతి ఏమంటాడో నాకు తెలియదు, అలాంటివి నాకు అర్థం కావు. నన్ను క్షమించమని రాద్దామనుకుని ఆ వాక్యం కొట్టేశాను. దానికి జవాబు రాయాల్సిన బాధ్యత కూడా నీ మీద పెట్టడం దేనికి.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: పెద్దాయన కాగితం ఈ కవర్లోనే పెట్టాను. అయిదు వారాల పైనే చొక్కా జేబులో ఉండిపోవడం వల్ల కాస్త నలిగింది. మధ్యలో ఒకసారి మీ అత్త జేబు చూడకుండా చొక్కా నానబెట్టేసింది. కంగారుపడకు, ఎండలో జాగ్రత్తగా ఆరబెట్టాను. కింద సంతకం ఒక్కటే పోయింది. మిగతా మాటలన్నీ చక్కగా కనబడుతున్నాయి.